పండుగప్ప చేప – దాని సంతానక్రమము

మా ప్రాంతపు సంఘ సభ్యులలో నొకరు తమ మంచినీటి చెఱువునందు పండుగప్ప చేపలను పెంచుచుండిరి. ఏటేట పిల్లలను కొనుటకు సొమ్ము చాలక, నాలుగు తల్లులను చెఱువున నిలువ చేసికొనినయెడల పిల్లలు ఇంటనే పుట్టునుగదా యని తలంచి, ఇరువది చేపలను అమ్మక రెండు సంవత్సరములు పోషించిరి. ఒక్కొక్కటి రెండు కిలోలకు మించి తూగినది. అయినను చెఱువున నొక్క పిల్లయు కనబడలేదు. కడపట విసిగి నాలుగింటిని కోసి చూడగా ఒక్కదాని కడుపునను గ్రుడ్లు లేవు. అంతట వారు మా యొద్దకు వచ్చి, "అయ్యా, నాకు పిల్లలను అమ్మినవారు అన్నియు మగవానినే ఏరి యిచ్చి మోసము చేసిరి. సంఘము పక్షమున వారికి తాఖీదు పంపవలెను" అని కోరిరి.

మోసము ఎవరును చేయలేదు. అమ్మినవారు ఏరి యిచ్చుటకు ఆడుపిల్లలు వారియొద్దను లేవు. ఆ యిరువది చేపలే కాదు, ఆ యీడు పండుగప్పలు నూఱింటిని కోసినను దాదాపుగా అన్నియు మగవే యగును. తాఖీదు వ్రాయుట మాని, ఈ చేప సంగతిని మేము వారికి సావకాశముగా చెప్పితిమి. అట్టి సందేహము మఱికొందఱు సభ్యులకును కలిగియుండవచ్చును గావున ఆ సంగతినే ఇచ్చట వ్రాయుచున్నాము. ఇది వినోదమునకై చెప్పునది కాదు. పిల్లల కొనుగోలు, చెఱువు పోషణ, మొగలయొద్ద వేట, ఈ మూడింటను రైతు లాభనష్టములు ఈ సంగతిపైననే ఆధారపడి యున్నవి.

చేప యెట్టిది

పండుగప్ప మన తీరవాసులకు క్రొత్తది కాదు. బెంగాలువారు దీనిని భెట్కి యందురు. తమిళులు కొడువా యందురు. ఆస్ట్రేలియావారు బారముండి యందురు. శాస్త్రగ్రంథములందు లేటిస్ కాల్కరిఫర్ అను పేరున నుండును. మార్కస్ ఎలీజర్ బ్లాఖ్ అను జర్మను వైద్యుడు 1790 సంవత్సరమున దీనిని మొదట వర్ణించి గ్రంథస్థము చేసెను. పారసీక సింధుశాఖ మొదలుకొని మన దేశపు రెండు తీరములును, థాయిలాండు, దక్షిణ చైనా, న్యూగినీ మీదుగా ఉత్తర ఆస్ట్రేలియా వఱకు ఇది వ్యాపించి యున్నది. బజారునకు వచ్చునవి తఱచుగా ఒకటి మొదలు అయిదు కిలోల వఱకు తూగును. మిక్కిలి వయస్సు మీఱినవి రెండు మీటర్ల పొడవును, అఱువది కిలోల తూకమును పొందుట కలదు. ఇది మాంసాహారి; చిన్నచేపలు, రొయ్యలు దీని యాహారము.

ఉప్పునీటను, చౌటినీటను, మంచినీటను గూడ ఇది బ్రతుకును. ఈ గుణము వలననే మన డెల్టా చెఱువులలో పెంచుటకు వీలగుచున్నది. కాని బ్రతుకుట వేఱు, సంతానము కనుట వేఱు. ఈ భేదమును మఱచుటయే పై సభ్యుని పొరబాటునకు మొదటి కారణము.

మొదట మగది, పిమ్మట ఆడుది

కోడెదూడ పుట్టుకతోనే కోడె. పెయ్య పుట్టుకతోనే పెయ్య. తాళ్ళలో పోతుతాడి యెన్నడును కాయదు. కావున ప్రాణులన్నియు ఇట్లే యుండునని మనము తలంచుచుందుము. పండుగప్ప విషయమున ఈ తలంపు చెల్లదు. ఈ చేపలలో చాల భాగము మొదట మగవిగా యుక్తవయస్సునకు వచ్చి, కొన్ని యేండ్లు మగవిగా మెలగి, పిమ్మట ఆడవిగా మాఱును. ఒకే చేప తన జీవితకాలములో మొదట తండ్రియు, తరువాత తల్లియు నగుచున్నది.

ఈ మార్పు జరుగు విధము చెప్పెదము. చేప కడుపులో వెన్నెముకకు దిగువను పొడుగాటి బీజకోశములు రెండు కలవు. మూడు నాలుగేండ్ల యీడున, చేప సుమారు 60 సెంటీమీటర్ల పొడవు దాటినపుడు, ఆ కోశములు మగ బీజమును పుట్టించును. ఋతుకాలమున ఆ చేప పొట్టను మెల్లగా నొక్కినయెడల పాలవంటి తెల్లని ద్రవము వెలువడును. ఇట్లు కొన్ని ఋతువులు గడచును. కడపటి సారి మగదిగా బీజము విడిచిన పిమ్మట, కోశములలోని మగభాగము క్షీణించుచు, ఆ స్థలముననే అండములు పుట్టు భాగము పెరుగును. మఱుసటి ఋతువునకు అదే చేప గ్రుడ్లతో నిండిన తల్లియై మొగకు చేరును. ఆస్ట్రేలియా ప్రాంతమున ఈ మార్పు సాధారణముగా ఆఱు మొదలు ఎనిమిదేండ్ల నడుమ, 85 మొదలు 100 సెంటీమీటర్ల పొడవున జరుగుచున్నట్లు కనుగొనిరి. మన ఆసియా తీరములందు కొంత ముందుగనే జరుగుటయు కలదు. ఒకసారి ఆడుది యైనది మరల మగది కాదు.

మూర్ అను పరిశోధకుడు పపువా న్యూగినీ దేశపు చేపలను కోసి, వాని బీజకోశములను సూక్ష్మదర్శినితో పరీక్షించి, ఈ మార్పును 1979 సంవత్సరమున స్పష్టముగా ప్రకటించెను. అంతకు పూర్వము చిన్నచేపలన్నియు మగవి, పెద్దచేపలన్నియు ఆడవి యగుట యేలనని చూచినవా రాశ్చర్యపడుచుండిరి. ఈ నియమమునకు మినహాయింపులును కలవు. కొన్ని చేపలు కడవఱకు మగవిగానే యుండిపోవును. కొన్ని మగదశ యనునది లేకయే నేరుగా ఆడవి యగును. కాని యివి కొలది మాత్రమే.

పైచూపునకు మగదానిని ఆడుదానిని గుర్తించుట సాధారణదినములందు సాధ్యము కాదు. ఋతుకాలమున మాత్రము ఆడుదాని పొట్ట నిండుగా ఉబ్బి, మూత్రద్వారముయొద్ద ఎఱ్ఱబారి యుండును. మగది సన్నముగా నుండి, నొక్కిన పాలు విడుచును. కావున పిల్లలను అమ్మువాడు ఇన్ని యాడవి, ఇన్ని మగవి యని చెప్పినయెడల ఆ మాటను నమ్మవలదు.

ప్రకృతి యిట్లేల చేసినది

ఇందులో వింత కనబడినను, రైతునకు తెలియని లెక్క యేదియు లేదు. మగ బీజము మిక్కిలి సూక్ష్మమైనది. కొంచెము చోటులోనే కోట్లకొలది పుట్టును. కావున చిన్నచేప యైనను మగదిగా తన పని నిర్వహింపగలదు. గ్రుడ్ల సంగతి యట్లు కాదు. ప్రతి గ్రుడ్డునందును పిల్ల మొదటి దినములకు కావలసిన ఆహారమును కూర్చి యుంచవలెను. దానికి కడుపులో చోటు కావలెను, శరీరమున పుష్టి కావలెను. చేప పొడవు రెండింతలైన కడుపులోని చోటు రెండింతలు గాక సుమారు ఎనిమిదింతలగును. అందుచే పెద్దతల్లి పెట్టు గ్రుడ్లకును చిన్నతల్లి పెట్టు గ్రుడ్లకును పోలిక లేదు. మధ్యరకపు పండుగప్ప తల్లి యొక ఋతువున పదుల లక్షల గ్రుడ్లు పెట్టగా, మిక్కిలి పెద్దతల్లి కోటికి మించి పెట్టుట కలదు. చిన్నతనమున మగదిగాను, పెద్దతనమున ఆడుదిగాను ఉండుటచేత చేప తన శరీరమును ఏ వయస్సున నెందుకు వినియోగించిన మేలో అందుకే వినియోగించుచున్నది. చిన్నకోడెను తేలికబండికిని, బలిసిన యెద్దును మోటకును కట్టిన రైతు నేర్పు వంటిదే యిది.

ఈ క్రమమునకు విరుద్ధముగా నడచు చేపలును సముద్రమున కలవు. గ్రూపరు జాతివి అనేకము మొదట ఆడవిగా నుండి పిమ్మట మగవి యగును. అచ్చట పెద్దమగది చోటును కాచుకొని చిన్నవానిని తఱిమివేయును గావున పెద్దతనము మగదానికే లాభము. ఆయా జాతి బ్రతుకుతీరును బట్టి ఆయా క్రమము ఏర్పడినది.

గ్రుడ్లు పెట్టు చోటు, వేళ

పండుగప్ప మంచినీట పెరిగినను, గ్రుడ్లు పెట్టుటకు తప్పక ఉప్పునీటికి దిగవలెను. నదుల మొగలయొద్ద, సముద్రపు నీరు బాగుగా ప్రవేశించుచోట ఇవి గుంపుగూడును. వేయిపాళ్ళ నీటిలో సుమారు 28 మొదలు 32 పాళ్ళు ఉప్పుండుట గ్రుడ్లకు మిక్కిలి అనుకూలము. ఋతువు తీరమును బట్టి మాఱుచుండును. సాధారణముగా వానకాలముతో సంబంధించి యుండును. అమావాస్యకును పున్నమికిని దాపున, ప్రొద్దుగ్రుంకిన పిమ్మట, పోటు పెట్టు వేళ తల్లి గ్రుడ్లను నీటిలో విడువగా, వెంటనున్న మగవి వానిపై బీజమును విడుచును. తల్లి కడుపున గాక బయటి నీటిలోనే గ్రుడ్డు ఫలించును.

ఈ వేళనే యేల యెన్నుకొనవలెను? అమావాస్య పున్నములందు పోటు మిక్కిలి పొడవుగా లోపలికి చొచ్చును. గ్రుడ్లును, వానినుండి వెలువడిన పిల్లలును ఈదజాలవు. నీరెటు పోయిన అటు పోవును. పోటు వాటిని మొగలోనికి, ఏళ్ళలోనికి, మడ అడవుల మడుగులలోనికి మోసికొనిపోవును. పాటువేళ గ్రుడ్లు పెట్టినయెడల అవి బయటి సముద్రము పాలగును. రైతు వాన చూచి విత్తినట్లు ఈ చేప పోటు చూచి విత్తుచున్నది.

గ్రుడ్డు గసగసాల గింజకంటెను చిన్నది. అడ్డుకొలత మిల్లీమీటరులో సుమారు ముప్పాతిక. దాని లోపల నొక నూనెబొట్టు కలదు. ఆ బొట్టు వలన గ్రుడ్డు ఉప్పునీటిలో తేలుచుండును. మంచినీరు పలుచనిది గావున గ్రుడ్డు తేలక అడుగంటి చెడిపోవును. మగ బీజము గూడ ఉప్పునీటనే చలించును, మంచినీట కదలదు.

ఇప్పుడు మా సభ్యుని చెఱువు సంగతి తేటపడినది. ఆ చేపలకు ఇంకను తల్లులగు వయస్సు రాలేదు. అది యొక కారణము. వయస్సు వచ్చియున్నను ఆ నీట సంతానము కలుగదు. అది రెండవ కారణము. పదియేండ్లు పోషించినను వారి చెఱువున పిల్ల పుట్టియుండదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండునందు టినారూ అను మంచినీటి జలాశయమున 1980 దశకము నుండి ఈ చేప పిల్లలను విడుచుచున్నారు. అవి అచ్చట మహాకాయములుగా పెరిగినవి గాని యొక్క పిల్లను కనలేదు. అందుచే మరల మరల పిల్లలను తెచ్చి విడువవలసి వచ్చుచున్నది.

పిల్లల ప్రయాణము

వెచ్చని నీటిలో గ్రుడ్డు సుమారు పండ్రెండు మొదలు పదునేడు గంటలలో పగులును. అప్పటి పిల్ల పొడవు ఒకటిన్నర మిల్లీమీటరు. దానికి నోరుండదు, తల్లి యిచ్చిన పచ్చసొన సంచి నంటిపెట్టుకొని యుండును. రెండు మూడు దినములకు నోరు తెఱచి, నీటిలోని కంటికి కనబడని క్రిములను తినసాగును. సెంటీమీటరు పొడవు వచ్చునప్పటికి మడ అడవుల నడుమ, చౌటినీటి కయ్యలలో చేరియుండును. మడచెట్ల వ్రేళ్ళ సందులు వానికి పెద్దచేపల నోటినుండి రక్షణ. రాలిన యాకులు క్రుళ్ళి పెంచు క్రిములు వానికి భోజనము. గోదావరి మొగయందలి కోరంగి మడ అడవియు, కృష్ణ మొగయందలి మడ అడవులును ఇట్టి పెంపకపు నెలవులే.

అక్కడ నుండి పిల్లలు ఏళ్ళ వెంట పైకి సాగి మంచినీటిని చేరి, రెండు మూడేండ్లు పెరిగి, తిరిగి యుక్తవయస్సున సముద్రమునకు దిగును. అన్నియు ఇట్లు ప్రయాణము చేయవు. కొన్ని చౌటినీటనే జీవితము గడపును. అయినను పైకి పోదలచినవానికి దారి కావలెను. 1852 సంవత్సరమున పూర్తియైన ధవళేశ్వరము ఆనకట్ట మొదలుగా మన నదులపై గట్టిన కట్టడములు మన పొలములకు ప్రాణము పోసినవి; వానిని నిందించుట మా యుద్దేశము కాదు. కాని రాకపోకలు తగ్గినకొలదియు, దిగువ నున్న ఏళ్ళును మడ అడవులును చేపకు మఱింత ముఖ్యమైనవని మాత్రము గ్రహింపవలెను.

హేచరీలందు పిల్లలను పుట్టించు విధము

థాయిలాండువారు సొంగ్‌ఖ్లా ప్రాంతమున 1970 దశకపు ప్రారంభమునందు ఈ చేపను మనుష్యప్రయత్నముచే కనిపించిరి. మన దేశమున మద్రాసు, అనగా నేటి చెన్నై, యందలి కేంద్రీయ చౌటినీటి జలజీవుల పెంపక సంస్థవారు 1997 సంవత్సరమున దీనిని సాధించిరి. అచ్చటి పద్ధతి సభ్యులు తెలిసికొనదగినది.

మొదట నాలుగు కిలోలకు పైబడిన ఆడవానిని, రెండున్నర మూడు కిలోల మగవానిని సముద్రపు నీటి తొట్లలో పోషింతురు. ఋతువున సన్నని గొట్టముతో తల్లి కడుపునుండి కొన్ని గ్రుడ్లను తీసి సూక్ష్మదర్శినితో కొలుతురు. గ్రుడ్లు తగిన పరిమాణమునకు పెరిగియున్నచో, ఒక తల్లికి రెండు మగవాని చొప్పున జతచేసి, హార్మోను మందును సూదితో నెక్కింతురు. సుమారు 30 మొదలు 36 గంటలలో తల్లి గ్రుడ్లు విడుచును. తేలుచున్న మంచి గ్రుడ్లను వడగట్టి వేఱుతొట్లకు మార్తురు. పిల్లలకు మొదట రోటిఫర్లను, పిమ్మట ఆర్టీమియా యను ఉప్పునీటి క్రిమిని మేపుదురు.

ఇంత పని యొక్క పిల్ల వెలలో ఇమిడి యున్నది. తల్లిని చాల యేండ్లు మేపవలెను, ఉప్పునీరు కావలెను, ప్రాణముతో నున్న మేత కావలెను. కట్ల, రోహు పిల్లలతో పోల్చి పండుగప్ప పిల్ల ప్రియమని గొణుగుకొనువారు ఈ సంగతి నెంచుకొనవలెను.

ఒకదానినొకటి మ్రింగుట

పిల్లలను కొన్న పిమ్మట రైతునకు కలుగు నష్టములలో మొదటిది యిది. ఒకే తల్లి గ్రుడ్ల పిల్లలైనను సమానముగా పెరుగవు. పెరిగినది పెరుగనిదానిని మ్రింగును. తన పొడవులో మూడింట రెండు పాళ్ళ వఱకు పొడవుగల తోడిపిల్లను గూడ ఈ పిల్ల మ్రింగగలదు. ఆకలి తీఱినను మానదు. ఇరువది సెంటీమీటర్లు దాటువఱకు ఈ దుర్గుణము బలముగా నుండును. వేయి పిల్లలను విడిచితిమి, మూడువందలే తేలినవి, దొంగలు పట్టుకొనిపోయిరి అని చెప్పు రైతు చెఱువులో దొంగ లోపలనే యుండుట పెక్కుసారులు చూచితిమి.

దీనికి మందు లేదు; శ్రద్ధ కలదు. పిల్లలను నేరుగా పెద్దచెఱువున విడువక హాపాలలో నుంచి, వారమునకొకసారి యైనను జల్లెడపట్టి, పెద్దవి, నడిమివి, చిన్నవి యని మూడు తెగలుగా వేఱుపఱుపవలెను. మేత వేళతప్పక వేయవలెను. కొనునపుడే సమానమైన పిల్లలను కొనుట అన్నిటికంటె మేలు. మొగలయొద్ద పట్టి తెచ్చు పిల్లలు చౌక యని కొనువారికి ఈ విషయముననే మోసము జరుగును. అవి నానాపరిమాణములుగా నుండును. పట్టునపుడు దెబ్బలు తగిలి సగము చచ్చును. పైగా ఆ వలలో పడు ఇతర జాతుల పిల్లలను గట్టున పాఱవేయుదురు. అది సముద్రమున పెరుగవలసిన పంటను మొలకలోనే దున్నివేయుటయే.

మూలధనమును తినుట

ఇక ముఖ్యమైన మాట. ఈ చేప సంతానక్రమము వలన దీనికి ప్రత్యేకమైన అపాయము కలదు. ఇతర జాతులలో చిన్నవి పెద్దవి యనక యన్నిటను ఆడవి కొన్ని యుండును. పండుగప్పలో తల్లులన్నియు పెద్దచేపలలోనే యున్నవి. మొగయొద్ద వల వేసి పెద్దచేపలను మాత్రమే యేరి పట్టువాడు, తాను తెలియకయే తల్లులనే యేరి పట్టుచున్నాడు. అవి గ్రుడ్లతో నిండి బరువుగా, గుంపులుగా, తెలిసిన తిథులందు, తెలిసిన చోటికి వచ్చును. కావున పట్టుట సులభము.

మఱి పెద్దవానిని విడిచి నడిమివానినే పట్టుదము అందురా? అదియు చాలదు. నేటి నడిమిరకపు మగచేపయే రేపటి తల్లి. ఒక లెక్క చూడుడు. ఇది మేము వివరణమునకై వేసిన లెక్కయే గాని కొలిచి తెచ్చినది కాదు. ఒక యేటినుండి నూఱు మగచేపలు సముద్రమునకు దిగినవనుకొందము. అవి తల్లులగుటకు నాలుగేండ్లు కావలెను. ఏటేట నాలుగింట నొకటి పట్టుబడినచో నాలుగేండ్లకు సుమారు ముప్పదిరెండు మిగిలి తల్లులగును. ఏటేట సగము పట్టుబడినచో ఆఱు మాత్రమే మిగులును. వేట రెండింతలైనది, తల్లులు అయిదవ వంతునకు పడిపోయినవి. సంవత్సరములు గడచినకొలది ఈ నష్టము మీఁదమీఁద పెరుగును. మగవి మాత్రము చాలినన్ని యుండును గావున చేపలున్నవనియే పైకి తోచును. గ్రుడ్లు పెట్టునది లేదని ఎవరికిని తెలియదు.

ఈ కారణమున క్వీన్స్‌లాండు ప్రభుత్వమువారు రెండు హద్దులు పెట్టియున్నారు. 58 సెంటీమీటర్లకు తక్కువయైనదానిని పట్టరాదు. 120 సెంటీమీటర్లకు మించినదానిని పట్టరాదు. మొదటి హద్దు పిల్లలు తండ్రులగుటకు అవకాశమిచ్చును. రెండవ హద్దు పెద్దతల్లులను కాపాడును. ఇంతియ గాక తూర్పుతీరమున నవంబరు 1 మొదలు ఫిబ్రవరి 1 వఱకు, అనగా అచ్చటి ఋతుకాలమున, ఈ చేప వేటయే నిషిద్ధము. మన తూర్పుతీరమునందును ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు యంత్రపునావల వేటకు నిషేధము కలదు. అది సముద్రమునకు మేలు చేయునదే. కాని మొగలయందు, ఏళ్ళయందు చిన్నపడవలపై వేయు వలలకు ఆ నిషేధము చెందదు. అచ్చట పండుగప్పను కాపాడవలసినది చట్టముకంటె మనవారి తెలివియే.

మన సంఘములకు రిజర్వు ఫండు అనునది కలదు. లాభములో కొంతభాగము అందు జమ కట్టుదుము. సభ్యులు ఎంత కోరినను దానిని పంచుకొనరాదని నిబంధన. అది మొండితనమని మొదట పలువురు గొణిగిరి; పంట పోయిన యేటను సంఘము నిలిచినపుడు దాని విలువ తెలిసినది. మొగయందలి పెద్దతల్లులు సముద్రపు రిజర్వు ఫండు. వానిని అమ్మినవానికి ఆ దినమున కొంత యెక్కువ సొమ్ము ముట్టును. అది లాభము కాదు, మూలధనము.

సభ్యులు చేయదగినవి

ఒకటి: మంచినీటి చెఱువున పండుగప్ప పిల్లలను కనునని తల్లులను నిలువ చేయవలదు. తూకమునకు వచ్చిన చేపను అమ్మివేయవలెను.

రెండు: పిల్లలను హేచరీలనుండియే కొనవలెను. ఒక్కొక్కరు విడిగా కొనుటకంటె, గ్రామమునందలి సభ్యులు కలిసి సంఘము మూలముగా నొకేసారి తెప్పించినయెడల సమానమైన పిల్లలను అడిగి తీసికొనుటకు బలముండును, రవాణాఖర్చు తగ్గును.

మూడు: ఇరువది సెంటీమీటర్ల పొడవు దాటువఱకు తెగలుగా వేఱుపఱుచుట మానరాదు.

నాలుగు: మందు చల్లిన పంపులను, డబ్బాలను మురుగు కాలువలలో కడుగరాదు. ఆ నీరు కడపట చేరునది పిల్లలు పెరుగు ఉప్పుటేళ్ళకే.

అయిదు: చౌటిభూములు గల గ్రామములవారు మడచెట్లను వంటచెఱకునకై నఱుకనీయరాదు. అవి గాలివానలందు గట్టును కాచును, చేపపిల్లలను పెంచును.

ఆఱు: మొగ గ్రామములందలి బెస్తవారి సంఘములతో మన సంఘములు ఈ విషయము ముచ్చటింపవలెను. ఋతుదినములలో గ్రుడ్లతో నున్న పెద్దచేపలను విడిచిపెట్టుటకు వారు అంగీకరించిన, ఆ నష్టమును వారిపైననే మోపుట న్యాయము కాదు. పెద్దచేపను విడిచిన వాని యింట ఆ రాత్రి కూడు తక్కువగునని మఱవరాదు. ఇరుసంఘములు కలిసి యాలోచించి తగిన సర్దుబాటు చేసికొనవలెను.

మొదట చెప్పిన సభ్యుడు మిగిలిన పదునాఱు చేపలను అమ్మి, ఆ సొమ్ముతో క్రొత్త పిల్లలను తెచ్చి, మూడు హాపాలు కట్టించిరి. పోయినవారము మేము చూడబోయినపుడు గట్టుపై కూర్చుండి జల్లెడతో పిల్లలను వేఱుపఱుచుచుండిరి. మమ్ము చూచి, "అయ్యా, ఇందులో ఆడవి యెన్ని?" అని నవ్వుచు నడిగిరి. "ఇప్పటికి ఒక్కటియు లేదు" అంటిమి.

ఈ విషయమున సందేహములు గల సభ్యులు తమ సంఘ కార్యదర్శి మూలముగా వ్రాసి పంపినయెడల, మాకు తెలిసినంతవఱకు రాబోవు సంచికలలో సమాధానము వ్రాయగలము.